మోతాదు

అమరిల్లో ఊళ్లో గాలికి సెలవు లేదు.
ఫార్మసీ షట్టర్ దించేసరికి రాత్రి పదీ పది.
పార్కింగులో ఒక్కటే దీపం, అదీ ఆరుతూ వెలుగుతూ.
కోటు లోపల, నడుముకి కుడివైపు,
ఆరువందల గ్రాముల ఇనుము.
లైసెన్సు ఉంది. గురి ఉంది.
ఆదివారాలు కాగితపు మనిషి గుండెలో
ఐదు తూటాలూ ఒకే చిల్లులోంచి పంపగలను.

అది చాలనుకున్నాను,
ఆ కుర్రాడు వచ్చిందాకా.

వాళ్లమ్మ నొప్పి మాత్రలు
ఇంకో ఆరు రోజులకి గానీ ఇవ్వకూడదని
కంప్యూటర్ నాకు చెప్పింది, నేను వాడికి చెప్పాను.
కౌంటర్ని అరచేత్తో చరిచి వెళ్లిపోయాడు.
మూసే వేళకి నా కారు పక్కన ఉన్నాడు.
"అక్కడే ఆగు" అన్నాను.
ఆగలేదు.
నన్నడక్కుండానే నా చెయ్యి కోటులోకి వెళ్లింది.
పిడి చల్లగా తగిలింది.
మూడడుగులు.
రెండు.
అప్పుడు వాడు టైరుకి ఆనుకుని కూలబడి
వెక్కివెక్కి ఏడ్చాడు.
చేతిలో మెరిసింది కత్తి కాదు,
ప్లాస్టిక్ కవర్లో మందుల చీటీ.

ఆ రెండో అడుగు దగ్గరే
నా నిద్ర ఇప్పటికీ నిలబడి ఉంది.

శనివారం వెర్నా కొట్టుకి వెళ్లాను.
"తుపాకీ ఉందిగా, ఇంకేం కావాలి?" అంది.
"పిచ్చుకలకి" అన్నాను, తెలుగులో.
బ్రహ్మాస్త్రమంటే ఏమిటో చెప్పేసరికి
ఆమె కాఫీ చల్లారిపోయింది.

విషానికీ మందుకీ తేడా మోతాదేనని
మొదటి ఏడాదే చదివించారు.
సగం మాత్ర విరిచి ఇవ్వగలను.
సగం తూటా విరవలేను.

చిటపటలాడే కరెంటు పెట్టె చూపించింది.
మనిషిని తాకిస్తేనే పనిచేస్తుందట.
అంత దగ్గరికి రానిచ్చాక ఇంకేం మిగిలింది?
మడత లాఠీ విదిలిస్తే
మణికట్టులో పాత నొప్పి లేచింది.
మిరప తుంపరలు మంచివే, కానీ ఈ ఊరి గాలికి
నేను చల్లింది నా కళ్లకే తిరిగొస్తుంది.
చివరికి జిగురు కారం. తీగలా సాగి
పడ్డచోటే అంటుకుంటుంది.
అలవాటుగా లేబుల్ తిప్పి శాతం చదివాను,
గడువు తేదీ చదివాను.
ఇదే సరుకు, మోకాళ్ల నొప్పులకి,
ట్యూబుల్లో నేను రోజూ అమ్ముతాను.

"ముందు ఇది," అని వెర్నా ఒక టార్చి కూడా తోసింది,
బొటనవేలంత.
ఇదొక్కటి ఉండుంటే ఆ రాత్రి
చీటీ చీటీలాగే కనిపించేది.

"కారం ఎడమ జేబులో పెట్టు.
కంగారులో చెయ్యి ఆలోచించదమ్మా,
దొరికిందే తీస్తుంది."

ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని
వీపు మీద దెబ్బేసి నేర్పిన ఇల్లు మాది.
ఇప్పుడు పెరట్లో, నీళ్లు నింపిన డబ్బాతో,
కంచె చెక్క మీద సున్నా దిద్దుకుంటున్నాను
ఎడమ చేత్తో, పలక పట్టిన పిల్లలా.
ఆగు. వెనక్కి. ఆగు.
మాట ముందు, వెలుతురు తర్వాత,
ఆ తర్వాతే కారం.
పక్కింటి కుక్క ప్రతిసారీ ఆగుతోంది.

కుడివైపు బరువు తీసెయ్యలేదు.
నిజంగా కత్తే అయిన రాత్రి రాదని
ఎవరు రాసిస్తారు?
దాన్ని తడుముకోవడం మాత్రం తగ్గింది.
కొంచెం.

ఏడో రోజు వాడొచ్చాడు. తల దించుకుని.
కోల్బీ, అని చీటీ మీద ఉంది, తీసుకువెళ్లేవాళ్ల పేరు దగ్గర.
"ఒకేసారి రెండు వెయ్యొద్దని అమ్మకి చెప్పు" అన్నాను.
"సరే మేడమ్" అన్నాడు.
ఇద్దరం ఆ రాత్రి ఊసెత్తలేదు,
వాడికి తెలిసింది వాడి సగమే.

సంతకం పెట్టమని పెన్ను జరిపాను.
అందుకున్నాడు.
ఎడమచేతి వాటం.